మాటల్లేని రాజు

ఉపేందర్‌కు వచ్చిన కష్టమల్లా పేపర్లో పడిన వార్త.

వార్త చెడ్డదేం కాదు. "యువరాజు గళం ఈ నగరానికి దొరికిన వరం" అని యువరాజు వేషం వేసిన అతన్ని ఆకాశానికెత్తింది. ఆ వెంటనే, "రాజు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు" అని ఇంకో మాట. మొదటి మాటకు ఉపేందర్ పొంగిపోయాడు. రెండో మాట మాత్రం అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ రాజు వేషం వేసేది అతనికి పద్యం నేర్పిన గురువు, మా నరహరి సార్.

మాది హైదరాబాదులో, చిక్కడపల్లి సందుల్లో మేడ మీద ఒక గది ఉన్న పద్యనాటక సమాజం. అందులో హార్మోనియం నాది. నగరంలో ఇప్పుడు నాటకాలకు కొదవలేదు. జూబ్లీహిల్స్‌లో ఇంగ్లీషు నాటకాలకు ఫోన్లోనే టికెట్లు అయిపోతున్నాయి. హిందీ వాళ్ళు కాఫీ హోటళ్ళలో కూడా ఆడేస్తున్నారు. వాళ్ళందరి మధ్యా కిరీటాలు పెట్టుకుని మేము. నవ్వేవాళ్ళను నవ్వనీండి. హాలంతా "వన్స్ మోర్" అని గొంతు చించుకునే భాగ్యం వాళ్ళెవరికీ లేదు, మాకుంది.

పద్యం నచ్చితే జనం అలా అడుగుతారు. నటుడు కథను అక్కడే ఆపి, మైకు ముందుకొచ్చి, జనానికి దణ్ణం పెట్టి మళ్ళీ పాడతాడు. చచ్చిపోయిన పాత్ర లేచొచ్చి పాడి, మళ్ళీ వెళ్ళి చచ్చిపోవడం నా కళ్ళతో చూశాను.

మా నాటకంలో, చెయ్యని నేరానికి యువరాజును దేశం నుంచి వెళ్ళగొడతాడు రాజు. స్వయానా కన్నతండ్రి. పోయేముందు కొడుకు సింహాసనం ఎదుట నిలబడి పద్యం ఎత్తుకుంటాడు.

"కన్న తండ్రివి నీమాట కాదనంగ
నేర నొకమాట మాత్రము నేడు వినుము..."

రాజుకు ఆ రంగంలో ఒక్క మాట కూడా లేదు. కూర్చుని వింటాడు, అంతే. ఆ పద్యానికి ఉపేందర్‌కు ఏ ఆటలోనూ వన్స్ మోర్ తప్పేది కాదు.

ఆ ఏడు నగర నాటక వారోత్సవంలో తొలిరోజు ఆట, ముగింపు ఆట రెండూ మాకే ఇచ్చారు. ముగింపు నాడు ఊళ్ళోని నాటకాల వాళ్ళందరూ వచ్చి చూస్తారు. పద్యనాటకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ రోజు వన్స్ మోర్ పడితీరాలన్నది ఉపేందర్ పంతం. పేపర్లో మాట పడ్డాక, సార్ ఆ కుర్చీలో ఉంటే అది పడదేమోనన్న బెంగ పట్టుకుంది అతనికి.

"ఒక మాట చెప్తా సార్, ఏమనుకోవద్దు," అన్నాడు ఒక సాయంత్రం రిహార్సల్ మధ్యలో.

"చెప్పు."

"రాజు వేషం వేరేటోళ్ళకు ఇద్దాం సార్. పేపర్ల గట్ల రాసిండ్రు. మీ పేరు ఖరాబైతుంటే నాకు మంచిగ లేదు."

హార్మోనియం మీద నా వేళ్ళు ఆగిపోయాయి. పద్యం నేర్పిన గురువుతో అనే మాటేనా అది! నాకు ఒళ్ళు మండింది.

సార్‌కు మండలేదు. "ఎవరికిద్దాం?" అని అడిగారు.

"సుధాంశు ఉన్నడు సార్. టీవీ సీరియళ్ళ చేస్తడు. పర్సనాలిటీ ఉన్నది."

సార్ లేచి, పెట్టెలోంచి రాజు కిరీటం తీసి ఉపేందర్ చేతిలో పెట్టారు. "వానికి పెట్టి చూడు. వదులైతే లోపల గుడ్డ పెట్టు," అన్నారు.

తొలిరోజు ఆటలో సుధాంశు రాజయ్యాడు. మనిషి ఆజానుబాహుడు, కాదనను. పద్యం మొదలవగానే గుండె పట్టుకున్నాడు. గడ్డం నిమిరాడు, పళ్ళు నూరాడు. "నేర నొకమాట" దగ్గరకొచ్చేసరికి భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు, అదీ జనం వైపు తిరిగి. అయినా ఉపేందర్ ఎన్నడూ పాడనంత బాగా పాడాడు. ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదని హార్మోనియం మీద చెయ్యేసి చెప్పగలను.

చప్పట్లు పడ్డాయి. ఉపేందర్ అలవాటు కొద్దీ మైకు వైపు ఒక అడుగేసి నిలబడ్డాడు. చప్పట్లు అయిపోయాయి. ఎవరూ ఏమీ అడగలేదు. వేసిన అడుగు వెనక్కి తీసుకుంటున్నప్పుడు అతని మొహం చూడలేక నేను హార్మోనియం మెట్ల మీదికి చూపు దించేసుకున్నాను. ముందు వరుసలో సార్ ఒక్కరే ఇంకా చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు పొద్దున్నే మేడ మీది గదికి వచ్చేశాడు ఉపేందర్.

"ఎక్కడ తప్పింది సార్?"

"ఎక్కడ తప్పలే. మస్తు పాడినవ్."

"మరి?"

మా సింహాసనమంటే బంగారు రంగు కాగితం అంటించిన పాత కుర్చీ. సార్ దాన్ని గది మధ్యకు లాగారు. "కూసో," అన్నారు ఉపేందర్‌తో. "శ్రుతి ఇయ్యవయ్యా," అన్నారు నాతో.

డెబ్బై దాటిన మనిషి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, యువరాజై ఎదురుగా నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. పద్యం ఎత్తుకున్నారు. పై స్థాయికి పోగానే గొంతు చీలింది. కుర్చీలో ఉపేందర్ తలాడిస్తూ తొడ మీద తాళం వేస్తున్నాడు.

సార్ ఆపేశారు. "రాజు తాళమేస్తడారా?"

మళ్ళీ మొదటి నుంచి పాడారు. ఈసారి ఉపేందర్ దిగులు మొహం పెట్టాడు.

"మొఖం ఇడువు. ఊకె ఇను."

మళ్ళీ పాడారు. అలా ఎన్నిసార్లయిందో నేను లెక్కపెట్టలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఉపేందర్ చెయ్యి కదలడం మానేసింది. మొహంలో పెట్టుకున్నదంతా పోయింది. వెళ్ళగొట్టిన కొడుకు ఎదురుగా నిలబడి ఒక్క మాట వినమని అడుగుతున్నాడు. బదులు చెప్పడానికి లేదు, లేచి కావలించుకోవడానికీ లేదు. ఉపేందర్ రెప్ప వెయ్యకుండా సార్‌నే చూస్తున్నాడు. అదే చీలిన గొంతు, అదే పద్యం, నాకు ఇంకోసారి వినాలనిపించింది.

"వన్స్ మోర్ సార్!" అనేశాను, ఉండబట్టలేక.

సార్ కళ్ళజోడు పెట్టుకుంటూ కుర్చీ వైపు చెయ్యి చూపించారు. "నాకు కాదు. వానికి చెప్పు."

ఉపేందర్ లేచి సార్ కాళ్ళు పట్టుకున్నాడు. "రాజు మీరే సార్," అన్నాడు.

ముగింపు నాడు హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. ఇంగ్లీషు నాటకాల వాళ్ళు, హిందీ వాళ్ళు, పేపర్ల వాళ్ళు, అందరూ వచ్చారు. సార్ సింహాసనం మీద ఎప్పటిలాగే కూర్చున్నారు. ఏమీ చెయ్యలేదు. కొడుకును చూస్తూ విన్నారు. ఇన్నేళ్ళు ఆ పక్కనే కూర్చుని హార్మోనియం వాయిస్తూ నేను ఆ మొహాన్ని సరిగా చూడనే లేదని ఆ సాయంత్రం తెలిసింది.

పద్యం ముగిసింది. బాల్కనీలోంచి మొదటి కేక వచ్చింది. ఆ వెంటనే హాలంతా అందుకుంది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఇంగ్లీషు నాటకాల కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, వాళ్ళూ గొంతు కలిపారు. గర్వంతో నా ఒళ్ళు పులకరించిపోయింది. ఇదిరా మా నాటకం అని లేచి అరవాలనిపించింది.

నేను శ్రుతి అందుకున్నాను. ఉపేందర్ ఇక మైకు దగ్గరికి రావాలి.

రాలేదు. జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. సింహాసనానికి దణ్ణం పెట్టి, ఇంకో అడుగు రాజు దగ్గరికి జరిగి, అక్కడే పద్యం ఎత్తుకున్నాడు. మైకు దూరమై గొంతు సన్నగా వినపడుతోంది. అంత పెద్ద హాలు ఊపిరి బిగబట్టి, ముందుకు వంగి, ఆ గొంతును వెతుక్కుంటూ విన్నది. పద్యం అయిపోయాక కాసేపు ఎవరికీ చప్పట్లు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక మాత్రం కూర్చున్నవాళ్ళు లేరు.

తెర పడ్డాక మేకప్ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఉపేందర్ మెడ నిండా దండలే. భుజాలు తట్టేవాళ్ళను తప్పించుకుంటూ వచ్చి, అద్దం ముందు గడ్డం ఊడదీసుకుంటున్న సార్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సార్ అద్దంలోంచి అతన్ని చూశారు. ఆ కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇయ్యాల నాకు పాడినవ్ రా," అన్నారు.