బీరువాలో ఆయాసం

దగ్గరికి జరగండర్రా. తన్వికా, ఆ ఫోను పక్కన పెట్టు. ఒంటి ఫ్యాను కార్డా, మూడు ఫ్యాన్ల కార్డా అని మీ నాన్నతో పొద్దుట్నించీ ఒకటే వాదన. కంప్యూటర్లో ఆటల బొమ్మలు చూపించే ఆ గ్రాఫిక్స్ కార్డు సంగతే చెప్తా విను. ఇందూ, నువ్వు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగా దివిసీమలో, కృష్ణ పాయల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరయ్య అని ఒకాయన. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. చెవి ఒగ్గి వింటే చాలు, ఏ ఇంజనుకి ఏ రోగమో చెప్పేసేవాడట. ఆయన భార్య నాంచారమ్మ. ఆవిడకి ఆయాసం. ఊపిరి అందనప్పుడల్లా ఈయన గోరువెచ్చటి నీళ్ళు గ్లాసుతో పట్టుకెళ్ళి పక్కన కూచునేవాడు. అలా పన్నెండేళ్ళు. ఆ మాఘమాసంలో ఆవిడ పోయింది.

ఊ కొడుతున్నావా? సరే.

కొడుకు రంగబాబు, కోడలు వకుళ. ఇద్దరికీ కంప్యూటర్లో ఆటలంటే ప్రాణం. వేసవి సెలవుల్లో ఆటల కంప్యూటరొకటి కట్టించుకున్నారు. నాంచారమ్మ చీరలు పంచిపెట్టేశాక ఆవిడ గోడబీరువా ఖాళీగా ఉంది కదా, దుమ్ము పడదని పెట్టెని అందులో పెట్టి తలుపులు మూశారు. వైరు పోను చిన్న కంత మాత్రం చేశారు.

ఆ పెట్టెలో ఉన్నది రిఫరెన్స్ కార్డు. అంటే, అసలు కంపెనీ వాడు తన నమూనా ప్రకారం చేసింది. ఒక్కటే ఫ్యాను. గాలి పీల్చి, వేడినంతా పెట్టె వెనకనించి, ఆ కంత గుండా బయటికి ఊదేస్తుంది. ఊదేటప్పుడు గోల చేస్తుంది.

మొదటిరోజు మధ్యాహ్నం ఆట మొదలెట్టారు. కాసేపటికి బీరువాలోంచి సన్నగా, హూ... స్స్... హూ... స్స్... అని. వకుళ పట్టించుకోలేదు. మంచినీళ్ళకని లేచి చూస్తే, బీరువా తలుపు ముందు నేలమీద స్టీలు గ్లాసు. అందులో గోరువెచ్చటి నీళ్ళు. పక్కనే పేరయ్య బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

ఏంటి మావయ్యా అని అడిగితే, చాలా మామూలుగా చెప్పాడట. "మీ అత్తకి ఎక్కువైందమ్మా. నువ్వెళ్ళు, నేనున్నా."

ఇందూ, ఇటు జరుగు. నా చెయ్యి పట్టుకో.

రోజూ అదే. ఆట మొదలయితే ఆయాసం, ఆయాసం మొదలయితే గ్లాసు, గ్లాసుతో పాటు పేరయ్య. మిట్టమధ్యాహ్నం పూట, వాకిట్లో ఎండ పెళపెళలాడుతుంటే, మూసిన బీరువాతో ఆయన మాట్లాడుకుంటూ కూచునేవాడు.

రంగబాబు భయపడ్డాడు. చప్పుడు పోతే నాన్న పిచ్చీ పోతుందన్నాడు. కస్టమ్ కార్డు కొందామన్నాడు. దాని గుండె కూడా అదే, పైతొడుగు మాత్రం వేరేవాళ్ళు చేస్తారు. దట్టంగా రేకులు, మూడు పెద్ద ఫ్యాన్లు. పిల్లిలా ఉంటుంది, చప్పుడే ఉండదు.

వకుళ తెలివైంది. కొట్టువాణ్ణి అడిగింది. "మంచిదే మేడమ్, చల్లగా నడుస్తుంది. కానీ దీని వేడి పెట్టెలోనే తిరుగుతుంది. చుట్టూ గాలి ఆడాలి" అన్నాడు. బీరువా తలుపులు తీయించేద్దామండీ అని మొగుడితో చెప్పింది. ముందు బిగిద్దాం, తలుపుల సంగతి వడ్రంగి వచ్చాక చూద్దామన్నాడాయన.

బిగించారు. ఇల్లంతా నిశ్శబ్దం.

పేరయ్య ఆ రోజు నీళ్ళు తెచ్చి, చాలాసేపు చెవి ఆనించి విని, మళ్ళీ తీసుకెళ్ళిపోయాడు. రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ముట్టలేదు. మూడోనాడు మజ్జిగ మాత్రం తాగాడు. వకుళకి ఆయన చేతిలోంచి మనిషిని మళ్ళీ లాక్కున్నామా అనిపించింది.

నాలుగోనాడు రంగబాబు పనిమీద అవనిగడ్డ వెళ్ళాడు. వకుళ ఆటలో కూచుంది. కార్డు వేడి పెట్టెలోకి, పెట్టె వేడి బీరువాలోకి, బీరువా వేడి గోడలోకి. ఆమెకేం తెలుసు? నిశ్శబ్దంగా ఉంది కదా.

ఉన్నట్టుండి... హూ... స్స్...

ఆమె చేతులు ఆగిపోయాయి. పాత కార్డు హాల్లో అటక మీద, అట్టపెట్టెలో ఉంది. ఆట ఆపింది. చప్పుడు ఆగలేదు. స్విచ్చి కట్టేసింది. చప్పుడు ఆగలేదు. ఇంకా గట్టిగా, ఊపిరి అందక పెనుగులాడుతున్నట్టు.

వెనకాల పేరయ్య నిలబడి ఉన్నాడు.

"తలుపు తియ్యమ్మా. దానికి గాలాడట్లేదు."

వకుళ పిడి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కొంగు చుట్టుకుని లాగింది. లోపలనించి కొలిమి సెగ మొహాన కొట్టింది. వెనక ప్లగ్గుబోర్డు కరిగి కారుతోంది, బీరువా చెక్క నల్లబడి పొగలు కక్కుతోంది. పేరయ్య పరిగెత్తి మెయిను కట్టేశాడు, ఇద్దరూ కలిసి ఇసక తెచ్చి పోశారు. పక్కగదిలో గ్యాసు బండలు రెండు. పావుగంట ఆలస్యమైతే ఆ ఇల్లు లేదు, ఆ మనుషులు లేరు.

తలుపు తీసిన క్షణంలో ఒక ఊపిరి, పొడుగ్గా, తేలిగ్గా, వకుళ చెవి పక్కనించి బయటికి వెళ్ళిపోయిందట. ఆ తర్వాత మరి వినబడలేదు.

అదేంటి అమ్మమ్మా అంటావా? ఏమోనే. మొదట్లో వినబడింది ఫ్యానేనని పేరయ్యే ఒప్పుకున్నాడు. "ఆఖరిది మాత్రం యంత్రం కాదమ్మా, నలభై ఏళ్ళు యంత్రాలే విన్నా" అన్నాడు.

ఆ రాత్రి ఆయన ఆకలేస్తోందన్నాడు. పచ్చిపులుసుతో కడుపునిండా తిని, నిద్రపోయాడు.

కాలింది బోర్డూ చెక్కా, పెట్టె బతికింది. దాన్ని హాల్లో కిటికీ పక్కన బల్ల మీదికి మార్చారు. అక్కడ మూడు ఫ్యాన్ల కార్డు హాయిగా, చల్లగా నడిచింది. ఒంటి ఫ్యానుది వకుళ తమ్ముడికిచ్చారు. వాడిది ఇరుకు పెట్టె, వేడిని బయటికి నెట్టేదే దానికి సరి. పేరయ్యకి బస్సు నడిపే ఆట నేర్పారు. గేరు చప్పుడు తప్పుగా పెట్టారని ఆయనకి రోజూ కోపమే.

అందుకని తన్వికా, రేపు కొట్లో ఫ్యాన్లు లెక్కపెట్టకు. ముందు మన పెట్టె తెరిచి చూడు, వేడి ఎటు పోతుందో చూసుకో. మనుషులకైనా అంతేనే, లోపలి సెగకి దోవ ఉండాలి.

కథ కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లో దూరదాం. కిటికీ తలుపు కాస్త తెరిచే ఉంచండి.