పార్సిలు పెసరట్టు

ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబివ్వకపోవడం విశాలాక్షి గారి అలవాటు. విశాఖపట్నంలో నలభై ఏళ్లు న్యాయశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నా, చదువుకోడానికి ఆమె ఇంటికి వచ్చేవాళ్లు ఆగలేదు. వాళ్లలో భార్గవ కాస్త దూకుడు మనిషి. ఒకనాడు పొద్దున్నే వచ్చి, "అమ్మా, వివక్ష కూడదని రాజ్యాంగంలో రాసుకున్నాం. మనిషి మనసు మారనప్పుడు ఆ రాతవల్ల ఒరిగిందేమిటి?" అన్నాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని, "ఆకలేస్తోంది, పద" అన్నారు.

అప్పలనాయుడి టిఫిను హోటలు ముందు పార్సిళ్ల కోసం పదిమంది నిలబడి ఉన్నారు. అప్పుడే జోరామి వచ్చింది. మిజోరం పిల్ల, పక్క ఆసుపత్రిలో నర్సు. మొన్న విశాలాక్షి గారి మోకాలికి కట్టు కడుతూ, "ఈ ఊళ్లో నన్నెవరూ కూర్చోమనరు, నెలాఖరుకి వెళ్లిపోతానండి" అని చెప్పింది ఆమే. రాత్రంతా డ్యూటీ చేసి కాళ్లు పీకుతున్నాయి కాబోలు, లోపలి బల్లవైపు ఆశగా చూసింది. ఆమె నోరు తెరవకముందే నాయుడు ఎదురొచ్చి, "పెసరట్టు పార్సిలు రెడీ అమ్మా! సట్నీ కూడా ఎక్కువేసేను" అని పొట్లం చేతిలో పెట్టాడు. అందరికన్నా ముందు ఆమెకే! ఎంత మర్యాదస్తుడని భార్గవ మురిసిపోయాడు. బల్లమీద రెండు చోట్లు ఖాళీగా ఉన్న సంగతి అతని కంటికి ఆనలేదు.

"నాకూ అలాగే కట్టు నాయుడూ" అన్నారు విశాలాక్షి గారు. పొట్లం పుచ్చుకుని, గుమ్మం బయట ఎండలో జోరామి పక్కన నిలబడి విప్పడం మొదలుపెట్టారు. డెబ్బై రెండేళ్ల మనిషి ఒంటికాలిమీద బరువు మోపి తింటుంటే చూసేవాళ్ల ప్రాణం ఉసూరుమంది. నాయుడు పరుగున వచ్చాడు.

"అయ్యయ్యో, మీరు బయట తినడమేటమ్మా! లోపలికి రండి."

"మరి ఈ అమ్మాయి?"

నాయుడు గొంతు తగ్గించాడు. "ఏ దేశపు మనిసో ఏటో! ఆ మొకం సూసి పక్కన ఎవులూ కూకోరమ్మా. అందుకే గదా మర్యాదగా కట్టించి పంపేస్తన్నాను. ఎనిమిది నెల్లయి ఒక్క మాటన్నానా?"

భార్గవ సిగ్గుతో తల దించుకున్నాడు. ఇందాక తను మెచ్చుకున్నది ఈ మర్యాదనే.

విశాలాక్షి గారు గొంతు పెంచలేదు. "మన దేశపు పిల్లే నాయుడూ. జాతిని బట్టీ పుట్టిన చోటుని బట్టీ ఏ పౌరుణ్ణీ హోటలు గుమ్మంలో ఆపకూడదని రాజ్యాంగం పదిహేనో అధికరణం చెబుతోంది. నువ్వు రానిస్తే రావడం కాదు, అది ఆమె హక్కు. ఇవాళ ఇక్కడ నిలబడతాను, రేపు కోర్టులో నిలబడతాను." బెదిరించడానికి అన్న మాట కాదది. విశాలాక్షి గారు అన్నారంటే చేస్తారని ఊరందరికీ తెలుసు.

నాయుడు మొహం మాడ్చుకుని దారి వదిలాడు. జోరామి ఒక్క క్షణం ఆగి, తలెత్తుకుని లోపలికి నడిచి బల్ల మధ్యలో కూర్చుంది. ఒకాయన ప్లేటు పట్టుకుని లేచిపోయాడు. ఆమె అటు చూడనైనా లేదు. ఆ నిబ్బరానికి భార్గవ మనసులోనే దండం పెట్టుకున్నాడు. పెనంమీంచి దించిన పెసరట్టు వచ్చింది. ఆమె ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుని ఆశ్చర్యపోయింది.

"ఇది కరకరలాడుతుందా! ఇన్నాళ్లూ నాకు తెలీదు" అంది, వచ్చీరాని తెలుగులో.

భార్గవకి కళ్లు చెమర్చాయి. అయినా ఊరుకోలేక, ధుమధుమలాడుతున్న నాయుడికేసి చూపించి, "ఆయన మనసేం మారలేదమ్మా" అని గొణిగాడు.

విశాలాక్షి గారు జోరామి పక్కన చతికిలబడి, మోకాలు నిమురుకున్నారు.

"ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు పట్టనీ నాయనా. అట్టు మాత్రం వేడిమీదే తినాలి."