గచ్చు మీద గీతలు

"మెట్లెక్కగలిగినవాడు చదునైన గచ్చు మీద నడవలేకపోవడమేమిటి సార్?"

అడిగింది డాక్టర్ విశారద. అడగడం కూడా కాదు, నిలదీయడమే. ఆ ఉత్తరాంధ్ర పట్నంలోని పెద్దాసుపత్రిలో నరాల వైద్యం నేర్చుకుంటున్న ఆమెకు మోసమంటే ఒళ్లు మండుతుంది. వికలాంగ ధ్రువపత్రం కోసం వచ్చిన కూర్మయ్య అనే ముసలాయన ఆ పొద్దున ఆమె ఎదుట రెండడుగులు వేయలేక, పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయాడు. పావుగంట తిరక్కుండానే అదే మనిషి మేడమెట్లు చకచకా ఎక్కడం ఆమె కళ్లారా చూసింది. ఇంకేముంది, కాగితం మీద 'నటన' అని రాసిపారేసింది. దానికింద గురువుగారి సంతకం పడితే కూర్మయ్యకు పింఛను రాదు. రాకపోతే పోనీ, నిజమైన రోగుల నోటికాడి కూడు లాక్కుంటున్నాడని ఆమె ఉడికిపోతోంది.

గురువు ఖగపతి గారు అడిగినదానికి జవాబు చెప్పే రకం కాదు, తిరిగి పాఠం అప్పజెప్పించుకునే రకం. మనిషి కదలికను నడిపేదేమిటని అడిగారు. విశారద గడగడా చెప్పేసింది. కదలమన్న ఆజ్ఞ పుట్టేది మెదడు పైపొరలో. దాన్ని సాఫీగా సాగనిచ్చేవి మెదడు లోతున ఉన్న కణాల గుంపులు. వాటికి డోపమైన్ అనే రసాయన దూతను పంపేది ఇంకా కిందనున్న చిన్న నల్లటి పట్టీ. ఆ పట్టీలో కణాలు చచ్చిపోతే దూత అందడు, మనిషి బిగుసుకుపోతాడు, అదే పార్కిన్సన్ జబ్బు. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. అయినా ఖగపతి గారి మొహం ఎర్రబడింది. కూర్మయ్యనూ అతని భార్య పారమ్మనూ వరండాలోకి పిలిపించమన్నారు.

పారమ్మ వస్తూనే దులిపేసింది. వాడలోనూ ఇదే గోలట. ఇంటి ముందు చక్కగా నడిచేవాడు వీధి మొదట్లో కొయ్యబారిపోతాడేమని అందరూ నవ్వుతారట. తాగొచ్చాడన్నవాళ్లూ ఉన్నారట. చదువుకున్న డాక్టరమ్మ కూడా నమ్మకపోతే ఇక ఎవరికి చెప్పుకోవాలని ఆమె కోపం.

"తెల్లారి లేసి వాకిట్లో ముగ్గెడతానమ్మా నాను. ఆ గీతలు సూసుకుంటా దాటుకెల్లిపోతాడు. ముగ్గు లేనికాడ నిలబడిపోతాడు. ఒక్క మాట నన్ను అడిగినావా నువ్వు?"

విశారద అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఖగపతి గారు ఆయా దగ్గర్నుంచి ముగ్గుపిండి గిన్నె తెప్పించి పారమ్మ చేతికిచ్చారు. ఆమె వంగి, నున్నటి గచ్చు మీద అడుగుకొకటి చొప్పున అడ్డగీతలు లాగింది. అప్పటిదాకా గోడ పట్టుకుని వణుకుతున్న కూర్మయ్య మొదటి గీతను తేరిపార చూశాడు. కాలు లేచింది. గీత దాటింది. రెండోది, మూడోది, నాలుగోది దాటాడు. పారమ్మ గీసినన్ని గీతలూ దాటి, చివరిదాని అవతల ఉత్త గచ్చు మీద కాలు మోపగానే ఆగిపోయాడు. ముందుకు వెళ్లాలని ఒళ్లంతా ముందుకే వాలుతోంది గానీ పాదం పెగలడం లేదు. చెమటలు కారిపోతున్నాయి. ఆ చెమటను ఎవరూ నటించలేరు.

మెట్ల సంగతి అప్పుడు తెలిసింది విశారదకు. మెట్టు అంచు కూడా గీతలాంటిదే. దూత నడవని దారిని వదిలేసి, కంటికి కనబడ్డ గీత మెదడులో మరో దారిన కాళ్లకు కబురు చేరవేస్తోంది. పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే ఆమె నాలుగు పేజీలు నింపేది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. చంకలోని కాగితాల అట్ట తీసి, కాగితం దిద్దేస్తాను సార్ అంది మెల్లగా.

ఖగపతి గారు పారమ్మ చేతిలోని గిన్నె తీసి విశారదకు అందించారు.

"కాగితం తర్వాత దిద్దుదువుగాని. ఆయన ఇంకా నడి వరండాలోనే నిలబడున్నాడు. ముందు వంగి గీత గియ్యి."