ఆఖరున సై అన్నవాళ్లే తోక

ఏ కాలమో, ఏ రాజు ఏలుబడో ఎవరికీ గుర్తులేదు గానీ, అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. జంతువులకు బడేమిటని అప్పుడే నోరెళ్లబెట్టకండర్రా. నోరెళ్లబెట్టే సంగతులు ముందున్నాయి.

ఆ బడిలో పై తరగతి చదివేవాళ్లలో నలుగురు నేస్తాలు ఉండేవారు. జింకపిల్ల తరళ, కుందేలుపిల్ల మృదుల, ముళ్లపంది కంటకుడు, కొండముచ్చు విజృంభుడు. గురువుగారైన ఎలుగుబంటి అటు తిరిగితే చాలు, ఇటు నలుగురి గుసగుసలూ మొదలయ్యేవి. ఇక వేసవి సెలవులు ఇచ్చేసరికి వాళ్లను పట్టేవాళ్లు లేకపోయారు. పొద్దున్నే బయటపడితే మళ్లీ సందెవేళకే ఇంటి ముఖం చూసేవారు.

ఆ జట్టుకు ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు ఏదైనా మాట ఎత్తారో లేదో, మిగతావాళ్లు "సై!" అని అరవాలి. అందరికంటే ఆఖరున సై అన్నవాళ్లకు ఆ రోజంతా "తోక" అని పేరు. తోక అందరి వెనకే నడవాలి. తోక మాట ఎవరూ చెవిన పెట్టరు. తోకను చూసి ఎవరైనా ఎంతసేపైనా ఇకిలించవచ్చు.

తరళ ఒక్కసారి తోక అయింది, పాపం. ఆ రోజు ఇంటికి వచ్చి, గడ్డిపరక ముట్టకుండా అటు తిరిగి పడుకుంది. "ఏమైందే తల్లీ?" అని వాళ్లమ్మ అడిగితే "ఏమీ కాలేదు" అంది. ఇంకోసారి తోకనైతే జట్టులోంచే వెళ్లగొడతారని దానికి ఒకటే బెంగ. నేస్తాలు లేని సెలవులు ఎందుకు, చెప్పండి?

సెలవులు మొదలైన కొత్తలో ఒకనాడు నలుగురూ మద్దిచెట్టు కింద నిలబడ్డారు. విజృంభుడు తలెత్తి, "అబ్బో, ఎంత తేనెపట్టో చూశారా! దాని..." అన్నాడో లేదో, "సై!" అని అరిచాడు కంటకుడు. తరళకు భయమేసింది. అయినా మృదుల నోరు విప్పేలోపే "సై!" అని అందరికంటే గట్టిగా అరిచింది. మృదుల "సై!" ఆఖరైంది. విజృంభుడు ఒక్క క్షణం ముగ్గురినీ వెర్రిచూపులు చూసి, గబగబా చెట్టెక్కాడు.

తరవాత ఏమైందో వేరే చెప్పాలా? ఈగలన్నీ ఒక్కుమ్మడిగా లేచాయి. తరళ మూతి బూరెలా పొంగింది. కంటకుడికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"భలే సరదాగా ఉంది కదే?" అన్నాడు కంటకుడు, మిగిలిన కంటితో చూస్తూ.

"ఓ, భలేగా ఉంది!" అంది తరళ, ఏడుపు దిగమింగుకుని. ఇదీ వాళ్ల సరదా!

వాపులు తగ్గాయి. రోహిణి కార్తె వచ్చింది. నేల మీద కాలు పెడితే చురుక్కుమంటోంది. మిట్టమధ్యాహ్నం కంటకుడు ఒళ్లు విరుచుకుంటూ, "బోడిగుట్ట ఎక్కి చాన్నాళ్లయిందర్రా. ఇవాళ..." అన్నాడు.

"సై!" అన్నాడు విజృంభుడు. "సై!" అంది తరళ. మృదుల ఆఖరైంది.

ఆ మండుటెండలో నలుగురూ గుట్ట ఎక్కారు. ఒక్క చెట్టు లేదు, చారెడు నీడ లేదు. తోక కాబట్టి మృదుల అందరి వెనకాల నడుస్తోంది. వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు. కాసేపటికి ఏదో ధబ్బున పడిన చప్పుడైంది. తరళ తిరిగి చూసేసరికి మృదుల రాతి మీద కళ్లు తేలేసి పడి ఉంది.

విజృంభుడు మృదులను భుజాన వేసుకుని వాగు దగ్గరికి పరుగెత్తాడు. ముఖాన నీళ్లు కొట్టారు, చెవులు తడిపారు, పేరు పెట్టి పిలిచారు. పలుకు లేదు. పోయిందే అనుకున్నారు ముగ్గురూ. అంతలో మృదుల నెమ్మదిగా కళ్లు తెరిచింది. చావు తప్పి కళ్లు తెరిచిన ఆ పిల్ల మొదట అడిగిన మాటేమిటో తెలుసా?

"నేను ఇంకా తోకనేనా?"

ఆ మాట విని తరళ, 'ఇదేమి జట్టు? ఇదేమి ఆట?' అనుకుంది. అనుకుంది గానీ పైకి అనలేదు. అదీ దాని తప్పు.

మర్నాడు నలుగురూ జలపాతం పైన ఉన్న బండ మీదికి చేరారు. కింద సుడిమడుగు. ఏనుగులు కూడా ఆ నీళ్లలో దిగవు. విజృంభుడు వంగి చూసి, "ఇక్కణ్ణుంచి గనక దూకితే..." అన్నాడు.

"సై!"

ఈసారి మొదటి కేక మృదులది. నిన్న పడిపోయిన పిల్లది!

"సై!" అన్నాడు కంటకుడు.

మృదుల అప్పుడే బండ అంచుకు నడుస్తోంది. దాని కాళ్లు తడబడుతున్నాయి. తరళ నోరు తెరిచింది. 'సై' మాత్రం అనలేదు. మృదుల ఇంకొక్క గెంతు వేస్తే అంతే సంగతులు.

"ఆగవే మృదులా, ఆగు! నేను దూకను! నాకు భయంగా ఉంది! తేనెపట్టు నాడూ భయమేసింది, నిన్నా భయమేసింది, ఇవాళ ఇంకా భయంగా ఉంది! నన్ను ఏమైనా అనుకోండి, జట్టులోంచి తీసేయండి, నాకు మాత్రం భయంగా ఉంది!"

మృదుల ఆగింది. ఎవరూ నవ్వలేదు.

"నాకు..." అని నసిగాడు కంటకుడు. "నాకసలు ఈతే రాదు."

తరళ వాడి వైపు తిరిగింది. "ఈత రాదా? మరి సై అన్నావెందుకురా?"

"నువ్వు ముందు అనేస్తావేమోనని."

"నాకూ ఈత రాదు," అంది మృదుల చిన్నగా.

"హవ్వ! అందరికంటే ముందు అన్నది నువ్వే కదే!"

"నిన్న పడిపోయాను కదా. ఇవాళ కూడా వెనకబడితే రేపట్నుంచి నన్ను పిలవరనుకున్నాను."

కంటకుడు ముళ్లన్నీ నిక్కబొడుచుకుని విజృంభుడి మీదికి వెళ్లాడు. "అంతా వీడే చేశాడు! దూకుదామన్నది వీడే!"

"నేనా? నేనెప్పుడన్నానురా దూకుదామని?" విజృంభుడు లబోదిబోమన్నాడు. "దూకితే ఎముక కూడా దొరకదు అనబోయాను! మాట పూర్తి కాకముందే మీరు సై అన్నారు. మీరందరూ సిద్ధమైతే నేనొక్కణ్ణి కాదని ఎలా అనను?"

"మరి ఆ తేనెపట్టు?"

"దాని జోలికి పోవద్దనబోయాను!"

అందరూ కంటకుడి వైపు తిరిగారు. వాడి ముళ్లు చల్లగా వాలిపోయాయి. "బోడిగుట్టకా... ఇవాళ ఎండ చల్లబడ్డాక వెళ్దామా అని అడగబోయాను," అన్నాడు.

అయ్యబాబోయ్! విన్నారా? మూతులు వాచిపోయాయి, ఒకరి ప్రాణం పోయినంత పనైంది, ఇంకో ప్రాణం అంచుదాకా వెళ్లింది. తీరా చూస్తే ఆ పనులు కావాలన్నవాళ్లు నలుగురిలో ఒక్కరూ లేరు!

విజృంభుడు అంచు నుంచి వెనక్కి జరగబోయి, పక్కనున్న ఎండుచెట్టును పట్టుకున్నాడు. దాని కొమ్మ ఒకటి ఫెళ్లున విరిగి మడుగులో పడింది. గిర్రున తిరిగింది. మునిగింది. నలుగురూ అంచున కూర్చుని చూశారు, ఇప్పుడు తేలుతుంది, ఇప్పుడు తేలుతుంది అని. అది తేలలేదు.

"నేను దూకబోయింది అక్కడే," అంది మృదుల.

మృదులను మధ్యలో పెట్టుకుని, ముగ్గురూ దాన్ని ఆనుకుని నడుస్తూ, మిట్టమధ్యాహ్నమే ఇల్లు చేర్చారు. పొద తలుపు దగ్గర మృదుల వాళ్లమ్మ పచ్చగడ్డి ఏరుతూ కూర్చుంది.

"ఇవాళ పొద్దు గుంకకముందే ఇల్లు గుర్తొచ్చిందా? ఎండలో పడి తిరిగి ముఖాలు ఎలా వాడిపోయాయో చూడు! రండి, ఇంత తిని ఆడుకుందురు గాని," అంటూ లేచి, నలుగురికీ నాలుగు వాటాలు సర్దింది.

మృదుల వెళ్లి అమ్మ ఒడిలో ముఖం దాచుకుంది. మిగతా ముగ్గురూ గుమ్మంలోనే నిలబడి, రెప్పవేయకుండా ఆ తల్లి ముఖాన్నే చూస్తున్నారు. ఈ వేళకు ఆమెకు తాము ఏమని చెప్పాల్సి వచ్చేదో తలచుకునేసరికి తరళకు దుఃఖం ఆగలేదు.

"ఏమర్రా, నన్నెప్పుడూ చూడనట్టు అలా చూస్తారేం?" అని నవ్వింది ఆ పిచ్చితల్లి.

కాబట్టి పిల్లలూ, నలుగురూ ఔనన్నారని మనసు వద్దన్న పనికి తల ఊపకూడదు. "నాకు భయంగా ఉంది" అని ముందుగా నోరు విప్పి చెప్పగలిగినవాడే జట్టులో అందరికంటే ధైర్యవంతుడు.