ఎస్తేరమ్మ ఆగిపోయే చోటు

పరంజ్యోతి అయ్యగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన కూర్చున్నచోటే జవాబు చెప్పేవారు కారు. మేకుకి తగిలించిన గొడుగు తీసుకుని, చెప్పులు తొడుక్కుని, "అలా వెళ్ళొద్దాం రా నాయనా" అనేవారు. వెంట వెళ్ళినవాళ్ళలో కొందరికి జవాబు దొరికేది. కొందరికి కాళ్ళనొప్పులే మిగిలేవి. పాస్టరు సేవ నుంచి విశ్రాంతి తీసుకుని చాలా ఏళ్ళయినా, తెనాలి అవతల పసుపు యార్డు ఉన్న ఆ ఊళ్ళో ఏ సంఘకాపరికి కష్టమొచ్చినా ఆయన వరండాకే వచ్చి కూర్చునేవాడు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు ఇంకా మొదలుకాకముందు ఒక మధ్యాహ్నం నెహెమ్యా అలాగే వచ్చాడు. అతను ఆ ఊరి సంఘానికి కొత్త కాపరి. వయసులో చిన్నవాడు కాబట్టి అందరూ చిన్నయ్యగారు అనేవారు. వచ్చిన ఏడాదే ఎంతో పట్టుదలతో శిష్యత్వ తరగతులు పెట్టాడు. హైదరాబాదు నుంచి పాఠాల పుస్తకాలు తెప్పించాడు. సంఘాన్ని చిన్న చిన్న గుంపులు చేసి, గుంపుకొక నాయకుణ్ణి పెట్టాడు. వారం వారం ఒక పాఠం, కంఠతా వాక్యం, చివర్లో పరీక్ష, ఆ తరవాత దండలు వేసి ఫొటోలు. మొదట్లో మందిరం బయట కూడా చాపలు పరవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ తరగతికి ఎవరూ రావడం లేదు. రాకపోవడం అతన్ని అంతగా కుంగదీయలేదు. పూర్తిచేసినవాళ్ళే కుంగదీశారు. దండ వేయించుకున్న ఇద్దరు నాయకులు మందిరం కుర్చీలు ఎవరింటి పెళ్ళికి ముందు ఇవ్వాలన్న మాట మీద చొక్కాలు పట్టుకుని, పోలీసు స్టేషను దాకా వెళ్ళారు. అందరికంటే ఎక్కువ వాక్యాలు అప్పజెప్పిన కోడలు మంచాన పడ్డ అత్తగారికి అన్నం పెట్టడం మానేసిందని వీధంతా చెప్పుకుంటోంది. సంఘపెద్ద సంసోనుగారు ఆ మధ్య కమిటీలో, అందరి ముందూ, "జీతగాడివి, జీతగాడిలా ఉండు" అన్నాడు. ఆయనా ఆ తరగతి పూర్తిచేసినవాడే.

"మనుషులు నిజంగా ఎదుగుతారా అయ్యగారూ?" అన్నాడు నెహెమ్యా. అతని గొంతులో కోపం కూడా మిగల్లేదు. "నేను నేర్పాను, వాళ్ళు నేర్చుకున్నారు. లోపల ఏదీ కదల్లేదు. ఇన్నేళ్ళ సేవలో ఎదిగినవాళ్ళను ఒక్కళ్ళను చూశారా మీరు? చూపించండి, ఉంటాను. లేకపోతే ఈ ఆదివారమే పెద్దలకు చెప్పేసి మా ఊరు వెళ్ళిపోతాను."

అయ్యగారు గొడుగు తీసుకున్నారు.

యార్డు గోడ వెంబడి నడిచి, రైలుకట్ట దాటి, కొత్తపేటలోకి తిరిగాక ఎవరింటికి వెళ్తున్నారో నెహెమ్యాకు అర్థమైంది. అతనికి ఆశ్చర్యంతోపాటు కాస్త చిరాకు కూడా కలిగింది. అది ఎస్తేరమ్మ ఇల్లు. ఆమె పసుపు యార్డులో కొమ్ములు ఏరుతుంది. ఆదివారం వస్తుంది, గుమ్మం పక్కనే కూర్చుంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మొదలయ్యే ముందు లేచి వెళ్ళిపోతుంది. తరగతికి ఒక్కనాడూ రాలేదు. ఒకసారి అతనే ఆపి, "బల్ల దగ్గరికి రావాలమ్మా" అంటే "వస్తానయ్యా" అంది, రాలేదు. చల్లారిపోయిన విశ్వాసులను తలుచుకున్నప్పుడల్లా అతనికి మొదట గుర్తొచ్చే మొహం ఆమెదే.

"ఈవిడ కొడుకు పోయాడని విన్నాను," అన్నాడు నెహెమ్యా. "ఎలా పోయాడు?"

అయ్యగారు నడుస్తూనే చెప్పారు. ఎస్తేరమ్మకు ఒక్కడే కొడుకు, ప్రభుకిరణ్. పాటలు బాగా పాడేవాడు. ఒక సాయంత్రం యవ్వనస్తులంతా పక్క ఊళ్ళో ఒకరింట్లో జరిగే ప్రార్థన కూడికకు ట్రాక్టరు మీద బయల్దేరారు. నడిపినవాడు జెకర్యా, వీళ్ళ వీధివాడే, ఆ పిల్లాడి స్నేహితుడే. తాగి ఉన్నాడని ఎవరూ గమనించలేదు. కాలవగట్టు మీద మలుపులో ట్రాక్టరు పల్టీ కొట్టింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. కిరణ్ మాత్రం ట్రాక్టరు వెనక ట్రక్కు కింద నలిగి చనిపోయాడు. జెకర్యా జైలుకు వెళ్ళాడు, వచ్చాడు. ఇప్పుడు తాగడు. ఆ వీధిలోనే ఉంటాడు, ఆ మందిరానికే వస్తాడు.

అంతకంటే ఎక్కువ చెప్పలేదాయన. ఇల్లు వచ్చేసింది.

ఎస్తేరమ్మ అప్పుడే పని నుంచి వచ్చి పంపు దగ్గర చేతులు కడుగుతోంది. ఎంత రుద్దినా గోళ్ళ మొదళ్ళలో పసుపు పోలేదు. "వందనాలు పెద్దయ్యగారూ," అని, వెనకాల నెహెమ్యాను చూసి ఒక్క క్షణం తటపటాయించి, "వందనాలయ్యా" అంది. చాప వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. అయ్యగారు ఆమె నడుంనొప్పి గురించి అడిగారు. వీధి కాలవ పొంగి ఇళ్ళముందుకు నీళ్ళొస్తున్న సంగతి ఆమె చెప్పింది. వాక్యం చదువుతారేమోనని నెహెమ్యా ఎదురు చూశాడు. చదవలేదు. కాసేపటికి ఆమె కొంగు తలమీదికి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన కూడా కష్టం మీద మోకాళ్ళూనారు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు.

నెహెమ్యా ఆ ప్రార్థన అంత నెమ్మదిగా చెప్పగా ఎన్నడూ వినలేదు. రాయి రాయి చూసి కాలుపెట్టి వాగు దాటుతున్న మనిషిలా ఆమె ఒక్కొక్క మాటే చెప్పింది. ఆనాటి ఆహారం అడిగే మాట అయింది. తరవాత, తమకు కీడు చేసినవాళ్ళను తాము క్షమించినట్టే తమనూ క్షమించమని దేవుణ్ణి అడిగే మాట రావాలి. ఆమె ఆగిపోయింది.

మర్చిపోయిందనుకున్నాడు నెహెమ్యా. అయ్యగారి వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, పెదవులు కూడా ఆమె ఆగినచోటే ఆగాయి. యార్డులో హమాలీల కేకలు వినబడుతున్నాయి. ఆమె గొంతు కదులుతోంది, మాట పైకి రావడం లేదు. నుదుటిమీద చెమట పట్టింది. ఆ నిశ్శబ్దం నెహెమ్యాకు భరించరానిదైంది. పడిపోతున్న మనిషికి చెయ్యి అందించినట్టే అనుకుని, అతను గొంతు పెంచి ఆ మాట తానే చెప్పాడు. అక్కడితో ఆగక చివరిదాకా చెప్పి, ఆమేన్ అన్నాడు.

ఎస్తేరమ్మ కళ్ళు తెరిచింది.

"చెప్పేశారా చిన్నయ్యగారూ," అంది. గొంతు పెంచలేదు. "ఆ రోజూ ఇంతే. పెద్దలంతా కలిసి నా చెయ్యి తీసుకెళ్ళి ఆ జెకర్యా చేతిలో పెట్టారు. నేను నోరు తెరవకముందే క్షమించేసిందన్నారు, చప్పట్లు కొట్టారు. అప్పటికి నా బిడ్డ మీద మట్టి ఆరలేదయ్యా." ఆమె చాప చుట్టడం మొదలుపెట్టింది. అయ్యగారు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు. "ఈ పెద్దాయనొక్కరే నా నోట్లో మాట పెట్టకుండా కూర్చున్నారు. ఇక మీరూ రావద్దు, ఆయన్నూ తీసుకురావద్దు."

అయ్యగారు గోడ పట్టుకుని లేచారు. వాళ్ళు గుమ్మం దాటగానే తలుపు పడింది. లోపల గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

దారి పొడుగునా నెహెమ్యా ఆయన తిడతారేమోనని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఆదివారం పెద్దలకు చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. ఉండిపోవాలని కాదు. వెళ్ళిపోవడానికి కూడా ముఖం చెల్లలేదు. గుమ్మం పక్క చోటు ఖాళీగా ఉంది. అంతకుముందు ఆమె బల్లకు ముందే లేచి వెళ్ళేది, ఇప్పుడు అసలు రాలేదు. తను ప్రసంగం చేస్తున్నంతసేపూ అతని చూపు అటే పోయింది. ఏం మాట్లాడాడో అతనికే తెలియలేదు.

మరుసటి వారం అయ్యగారు మనిషిచేత కబురు పెట్టి పిలిపించారు. ఇద్దరూ వెళ్ళారు. తలుపు వేసి ఉంది. లోపల గిన్నెలు కదిలిన చప్పుడు వినబడుతూనే ఉంది. అయ్యగారు తట్టలేదు, పిలవలేదు. మెట్టు మీద కూర్చున్నారు. పక్కన నెహెమ్యా కూర్చున్నాడు. ఎండ మెట్టు మీదికి వచ్చేదాకా ఉండి లేచారు. ఆ తరవాతి వారమూ అంతే. వీధిలో వాళ్ళు చూసి నవ్వుకున్నారు. ఒకామె, "ఎందుకయ్యా ఆ మొండిదాని గుమ్మంలో పడిగాపులు" అంది.

అలా తిరిగొస్తున్న ఒకరోజు వీధి మలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడివయసు కాకుండానే జుట్టు నెరిసింది. జెకర్యా అని నెహెమ్యా గుర్తుపట్టాడు. అతను అయ్యగారి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తలుపు తీసిందా అయ్యగారూ?"

"లేదయ్యా."

"ఆమె మందిరానికి వచ్చిన చివరి ఆదివారం నేను ముందు వరసలో కూర్చున్నాను. అందుకేనా? నావల్లేనా?"

"కాదు," అన్నాడు నెహెమ్యా. "నావల్ల."

జెకర్యా అతని ముఖంలోకి చూశాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రైలుకట్ట దగ్గర అయ్యగారు ఆయాసంతో ఆగిపోయారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. తుడిచినది చెమటొక్కటే కాదని నెహెమ్యా చూశాడు. ఆయన ఇంత ముసలివాడని అంతవరకూ అతనికి తట్టలేదు.

"ఇక తీయదా అయ్యగారూ?"

"తెలీదు నాయనా. నేను బతికుండగా తీస్తుందో లేదో."

ఆ మాటలో ఓదార్పు వెతికాడు నెహెమ్యా. దొరకలేదు. ఆయన అతన్ని ఓదార్చడానికి అన్న మాట కాదది.

శ్రమదినాలు సగం గడిచాక ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి తలుపు తీసి ఉంది. ఎస్తేరమ్మ వాళ్ళను చూసి వందనాలు అనలేదు. నవ్వలేదు. ఎందుకు తీసిందో చెప్పలేదు. చాప తెచ్చి పరిచింది. అయ్యగారు కూర్చున్నారు. నెహెమ్యా గుమ్మం బయటే నిలబడిపోతే, చాప కొస కాస్త అతని వైపు జరిపింది. నడుంనొప్పి గురించి గానీ వీధి కాలవ గురించి గానీ ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది.

ప్రార్థన మొదలైంది. ఈసారి నెహెమ్యా కూడా వాళ్ళతోపాటు, వాళ్ళ నడకలోనే చెప్పాడు. ఆహారం మాట అయింది. ఆమె ఆగింది. అయ్యగారు ఆగారు.

నెహెమ్యా ఆగాలని ఆగలేదు. అలవాటుకొద్దీ అతని మనసు ఆ తరవాతి మాట మీదికి వెళ్ళింది. వెళ్ళగానే సంసోనుగారు కనిపించాడు. కమిటీలో కుర్చీలో వెనక్కి వాలి, వేలు చూపించి, జీతగాడివి అన్న మనిషి. చుట్టూ నవ్వు ఆపుకుంటున్న ముఖాలు. ఆ మనిషిని క్షమించినట్టే నన్ను క్షమించు అని తను దేవుణ్ణి అడగబోతున్నాడు. ఆ కొలతతోనే దేవుడు నిజంగా ఇస్తే? చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న మాట, వేలసార్లు జనం చేత చెప్పించిన మాట, నాలుక మీద రాయిలా పడి ఉంది. నెట్టి చూశాడు. కదల్లేదు. తనది ఒక మాట పడ్డ బాధ. పక్కనున్న ఆమెది కాలవగట్టు మీద పోయిన కొడుకు.

ముగ్గురూ అలాగే ఉన్నారు. వీధిలో ఎవరో ప్లాస్టిక్ బిందెలు అమ్ముకుంటూ కేక వేసి వెళ్ళిపోయారు. ఎస్తేరమ్మ చాలాసేపటికి, ఆమేన్ అనకుండానే, నేలమీద చెయ్యానించి లేచింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఈవేళ కూడా రాలేదయ్యగారూ," అంది.

"సరేనమ్మా."

"వస్తుందో రాదో."

ఆయన గోడ పట్టుకుని లేచారు. ఆమె గుమ్మం దాకా వచ్చి, నెహెమ్యాతో, "మీరు కూడా రండి" అంది. పిలిచినట్టు లేదు ఆ గొంతు. అలసిపోయినట్టుంది.

యార్డు గోడ నీడలో ఇద్దరూ మెల్లగా నడిచారు. నెహెమ్యా మాటలో ఆశ లేదు.

"మీరు ఇన్నేళ్ళుగా వస్తున్నారు అయ్యగారూ. ఆమె మొదట ఎక్కడ ఆగిందో ఇవాళా అక్కడే ఉంది. ఒక్క మాట ముందుకు పోలేదు. దీన్ని ఏమనుకోమంటారు నన్ను?"

పరంజ్యోతి అయ్యగారు కొంతదూరం నడిచారు.

"మన సంఘంలో మిగతా వాళ్ళమంతా ఆ మాట ఆగకుండా చెప్పేస్తున్నాం నాయనా," అన్నారు.