ఎల్లాజీ అలివి వల

సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో ఎల్లాజీ అనే అలివి వల యజమాని ఉండేవాడు. ఎవరిలోనైనా తప్పు కనపడితే ఊరంతా వినపడేలా అరిచేవాడు కానీ, మంచి కనపడితే మాత్రం అతని నోరు పెగిలేది కాదు.

అలివి వల ఒకరిద్దరు లాగేది కాదు. పడవలో వెళ్ళి వలను సముద్రంలో చుట్టి వచ్చాక, ఒడ్డున ముప్పైమంది రెండు తాళ్ళు పట్టుకుని దాన్ని లాగాలి. పడ్డ చేపల్లో లాగినవాళ్ళందరికీ సమానంగా వాటా వచ్చేది. దాంతో కొందరు తాడు ఊరికే పట్టుకుని, "హైలెస్సా" మాత్రం అందరికన్నా గట్టిగా అనేవారు. వాళ్ళలో దానయ్య గొంతు మరీ పెద్దది.

ఎల్లాజీ ఊరుకుంటాడా? ఇసుకలో అడుగులు చూడటం మొదలుపెట్టాడు. నిజంగా లాగేవాడి మడమలు ఇసుకలో దిగబడి గుంటలు పడతాయి. గుంట కనపడనివాడి వాటాలో సగం కోసేసేవాడు. వారం తిరిగేసరికి ఒడ్డంతా గుంటలే! దానయ్య బృందం మడమలతో ఇసుక తవ్వుతోంది తప్ప తాడు లాగడం లేదు. వల నత్తనడక నడిచింది, చేపలు జారిపోయాయి. రోజూ ఎల్లాజీ అరుపులు పడలేక కష్టపడేవాళ్ళు కూడా కొందరు పక్క వలకు వెళ్ళిపోయారు. చివరికి ఇరవైమంది మిగిలారు. ఇంకొంతమంది పోతే వల ఒడ్డున ఎండాల్సిందే. ఎల్లాజీకి అది తప్ప వేరే బతుకుతెరువు లేదు.

"దానయ్య పేరు రోజుకి పదిసార్లు తలుస్తావు. పైడయ్య రెక్కలు ముక్కలు సేసుకుంటన్నాడు. ఆడి పేరు ఒక్కసారైనా ఎత్తేవేటి?" అంది అతని భార్య గురమ్మ.

"లాగడం ఆడి పని. దానికి దండేసి మొక్కాలేటి?"

"దండొద్దు. ఓ మంచి సేప సేతిలో పెట్టు. ఎవుడు లాగేడో పక్కనున్నోళ్ళకి తెలుస్తాది, ఆళ్ళనే అడుగు."

ఆ మాట ఎల్లాజీకి మింగుడు పడలేదు. కానీ మర్నాడు ఉన్న ఇరవైమందిని చూసేసరికి గుండె జారింది. అందరినీ దగ్గరికి పిలిచాడు.

"ఈవేళ నుంచి ఎవుడి వాటానూ కొయ్యను. నా వాటాలోంచి తాడుకో పెద్ద సేప పెడతాను. ఎవుడికివ్వాలో మీరే సెప్పండి."

వల ఎలాగో ఒడ్డు చేరింది. ఒక తాడు వాళ్ళు ఇంకొకరి పేరు చెబితే, రెండో తాడు వాళ్ళంతా పైడయ్య పేరు చెప్పారు. ఎల్లాజీ రెండు చేతులతో పెద్ద వంజరం చేపను పైడయ్యకు అందించి, "నీలాటోళ్ళ వల్లే నా వల నిలబడింది తమ్ముడూ," అన్నాడు. పైడయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానయ్య ఆ చేపను చూశాడు, పైడయ్య చుట్టూ మూగిన జనాన్నీ చూశాడు. మర్నాడు వచ్చి పైడయ్య ముందు నిలబడి తాడు బిగించి పట్టుకున్నాడు. కేకలు వేయడానికి ఊపిరి మిగల్లేదు! అతన్ని చూసి పక్కవాడూ వంగి లాగాడు. నెల తిరక్కుండానే పక్క వలకు పోయినవాళ్ళు కూడా వెనక్కి వచ్చారు.

ఒకరోజు వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. ఎవరికి బహుమానమని అడిగితే ఎవరూ పేరు చెప్పలేదు.

"ఎవుడి పేరు సెప్పమంటావు మావా? అందరం లాగేం కదా!" అన్నాడు దానయ్య.

ఎల్లాజీ మనసారా నవ్వాడు. బహుమానానికని తీసిపెట్టిన రెండు పెద్ద చేపలతో గురమ్మ ఒడ్డునే పులుసు పెట్టింది. ముప్పైమందీ కూర్చుని తిన్నారు.

నీతి: నలుగురూ కలిసి చేసే పనిలో బద్ధకస్తుణ్ణి వెతికి దండించడం కన్నా, కష్టపడినవాణ్ణి గుర్తించి బహుమానమిస్తే, అతన్ని చూసి మిగిలినవాళ్ళూ కష్టపడతారు.