చింతగింజంత ముక్క

నూకరత్నం దగ్గర ఒక ఈగ ఉంది. దానికి పేరు పెట్టాలని ఆమె ఆశ.

మాంసపు ఈగల్లో కొత్త జాతులను గుర్తుపట్టి, వర్ణించి, పేరు పెట్టే విద్య ఆమె జమాలుద్దీన్ మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. ఆయన కాలేజీలో రిటైరై పదేళ్ళయింది. ఇంటి ముందుగది నిండా ఈగల పెట్టెలే. కొత్తవాళ్ళు లోపలికి వస్తూనే ముక్కు మూసుకుంటారు గానీ, పాపం, అక్కడ కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ ఉండదు.

మాంసపు ఈగలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద మూడు నల్లచారలు, ఎర్రటి కళ్ళు. ఏది ఏ జాతో తేలాలంటే మగ ఈగను పట్టి, దాని పొట్ట చివర దాగి ఉన్న అంగాన్ని సూదితో బయటికి లాగి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. అదీ ఈగ చచ్చిన పూటే లాగాలి. ఎండిందంటే వంకర్లు పోతుంది. మాస్టారు చెప్పే మొదటి పాఠం ఇదే.

ఆ పాఠాన్నే రత్నం తప్పింది. ఎందుకంటే ఆ ఈగ దొరికింది వాళ్ళమ్మ పెద్దకార్యం నాడు.

సముద్రపొడ్డున చేపలు ఎండబెట్టే ఇసుకమేట అది. వాళ్ళమ్మ నలభై ఏళ్ళు అక్కడే కూర్చుంది. ఒక చేత్తో చేపలు తిరగేస్తూ, ఇంకో చేత్తో తాటాకు విసురుతూ ఈగలు తోలింది. ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. ఎవరో పారేసిన చేపముక్క మీద ఒక చిన్న ఈగ వాలి ఉంది. రత్నం చెయ్యి అలవాటుగా దాన్ని సీసాలో పట్టింది. ఆ తర్వాత మూడు రోజులు ఆ సీసా సంగతే ఆమెకు గుర్తులేదు.

తీసి చూసేసరికి ఈగ ఎండిపోయింది. మిగతా మాంసపు ఈగల్లో సగమే ఉంది. పొట్ట చివర అంగం కొస పక్కకి వంగి ఉంది. అలాంటి బొమ్మ ఏ పుస్తకంలోనూ లేదు. ఇక తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, రత్నానికి దాని రంగూ కొత్తగానే కనిపించింది, రెక్కలోని గీతలూ కొత్తగానే కనిపించాయి. వారం కూర్చుని ఎనిమిది పేజీల వర్ణన రాసింది. కొలతలు వేసింది, బొమ్మలు గీసింది.

"కొత్త జాతి, మాస్టారూ" అంటూ కాగితాలు ఆయన ముందు పెట్టింది.

మాస్టారు మొదటి పేజీలో పేరు చదివారు. ఆడవాళ్ళ పేరు చివర 'ఏ' చేర్చే శాస్త్రం పద్ధతిలో 'మసేనమ్మే' అని రాసుంది.

"మసేనమ్మ ఎవరమ్మా?"

"మా ఊరావిడండీ."

అనేసి రత్నం తలవంచుకుంది. ఆ మాట ఇదివరకు ఒకసారి ఆ నోటినుంచే వచ్చింది.

అప్పుడామె పట్నంలో హాస్టల్లో చదువుతోంది. వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. మనిషి రత్నం భుజం దాకా కూడా రాదు. ఊళ్ళో అందరికీ ఆమె 'పొట్టిది'. "ఆ పొట్టిదాని కడుపున ఈ తాటిచెట్టు ఎలాగ పుట్టిందే? జాతే వేరు" అని నవ్వేవాళ్ళు. వాళ్ళమ్మ అది విని మురిసిపోయేది. ఆ రోజు గేటు దగ్గర స్నేహితురాళ్ళు ఎవరని అడిగారు. "మా ఊరావిడ" అంది రత్నం. వాళ్ళమ్మ విన్నది. విననట్టే గంప దింపి, "మీ అమ్మ పంపిందమ్మా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నేళ్ళు బతికినా ఆ ఊసెత్తలేదు. రత్నం కూడా ఎత్తలేకపోయింది. ఇక ఎత్తడానికి మనిషే లేదు.

అందుకే ఆ పేరు శాస్త్రగ్రంథంలోకి ఎక్కాలి. ఎవరూ చెరపలేని చోట ఉండాలి. తీరా ఆ సమయం వచ్చాక కూడా నోరు పాత మాటే పలికింది.

మాస్టారు ఈగను చాలాసేపు చూశారు. "ఇప్పుడే పంపకు. రేపు పొద్దున రా" అన్నారు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి బల్ల మీద సీసాలో ఒక బతికున్న ఈగ ఉంది. మార్కెట్లో మాంసం కొట్టు దగ్గర పట్టారట. మాంసపు ఈగ గుడ్లు పెట్టదు, బతికున్న పిల్లల్నే కంటుంది. సీసా అడుగున సన్నటి తెల్లటి పురుగులు కదులుతున్నాయి. మాస్టారు మేకకాలేయం తెచ్చి రెండు ముక్కలు కోశారు. ఒకటి నిమ్మకాయంత, రెండోది చింతగింజంత. కుంచెతో పది పురుగుల్ని పెద్దదాని మీద, మూడింటిని చిన్నదాని మీద వేసి, అడుగున ఇసుక పోసిన రెండు డబ్బాల్లో పెట్టారు.

"రోజూ వచ్చి చూసుకో. ఏమీ కలపకు" అన్నారు.

రత్నానికి ఒళ్ళు మండింది. ఇది బడిపిల్లల పని. ఈలోగా ఇంకెవరైనా ఆ ఈగను పట్టి తమ పేరేదో పెట్టేస్తే? అయినా మాస్టారి మాట కాబట్టి వచ్చింది.

రెండో రోజుకే చిన్నముక్క అయిపోయింది. ఆ మూడు పురుగులూ డబ్బా గోడలు పట్టుకుని తిరగసాగాయి. ఎక్కి పడుతున్నాయి, పడి మళ్ళీ ఎక్కుతున్నాయి. రత్నం చాకు అందుకుని కాలేయం పిసరంత కోసింది. 'ఏమీ కలపకు' అన్న మాట గుర్తొచ్చి ఆ పిసరును పక్కన పెట్టేసింది.

ఆ రోజు ఇంటికెళ్ళాక ఆమెకు అన్నం సయించలేదు. "ఎదిగే ఈడులో గెంజి దొరకనేదే, అందుకే ఇలాగుండిపోనాను" అని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వుతోనే చేప నడిమి ముక్క కూతురి కంచంలో వేసేది. "నాను ముందే తినీసినానే, నువ్వు తిను."

మూడింటిలో ఒక పురుగు చచ్చిపోయింది. రెండు ఇసుకలోకి దిగాయి. పన్నెండు రోజులకి పెద్దముక్క మీద పెరిగినవి ఈగలై బయటికొచ్చాయి. ఇంకో రోజుకి రెండో డబ్బా మూత కింద ఏదో కదిలింది.

ఈగ. మిగతావాటిలో సగం.

మగదే. ఈసారి రత్నం ఆ పూటే సూది పట్టుకుంది. దాన్నీ, పెద్దముక్క తిని పెరిగిన దాని తోబుట్టువునీ పక్కపక్కన పెట్టి చూసింది. పరిమాణం తప్ప ఏ తేడా లేదు. అప్పుడు మాస్టారు ఆమె పట్టుకొచ్చిన ఈగ కొసను కాస్టిక్ నీళ్ళలో నానబెట్టారు. మధ్యాహ్నానికి అది మెత్తబడి, ఒంపు విడిచి నిటారుగా నిలిచింది. ఏ చేపల బజారులో చూసినా కనిపించే పాత జాతే అది.

రత్నం ఎనిమిది పేజీలూ మడిచింది.

"కొత్తది కాదు, మాస్టారూ."

"కాదు."

"మరీ చిన్నదిగా ఉంటే, వేరే అనుకున్నాను."

"ముళ్ళవెంట్రుకలు లెక్కపెట్టావా?"

ఆమె డబ్బాలో పెరిగిన ఆ చిన్నఈగను మళ్ళీ లెన్సు కింద పెట్టింది. తల మీదవి, వీపు మీదవి, కాళ్ళవి, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. మాస్టారు టీ తాగుతూ కూర్చున్నారు. టీ ఎప్పుడో అయిపోయింది. ఆయన ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నారు.

"ఎన్ని తక్కువ?"

"ఒక్కటీ తక్కువ లేదండీ."

"చింతగింజంత తిని" అన్నారు మాస్టారు, "అన్నీ అమర్చుకుంది."

రత్నం లెన్సు మీదనుంచి కన్ను తియ్యలేదు. ఆమెకు ఇప్పుడు కనిపిస్తున్నది ఈగ కాదు.

"మసేనమ్మ మా అమ్మ, మాస్టారూ."

ఆయన తల ఊపారు. ఇసుకమేట మీద పట్టిన ఈగను గుండుసూదికి గుచ్చి, దాని కింద పెట్టే చీటీని ఆమె ముందుకి జరిపారు. గోరంత కాగితం. పట్టిన చోటు, పట్టిన తేదీ, పట్టినవాళ్ళ పేరు, అంతే రాస్తారు దాని మీద.

చోటు రాసింది. తేదీ రాసింది. మూడో వరుస దగ్గర కలం ఆగింది.

"'మసేనమ్మ కూతురు నూకరత్నం' అని రాయొచ్చాండీ? చోటు చాలదేమో."

మాస్టారు తన సన్నపాళీ కలం తీసి ఆమె చేతికిచ్చారు.

"చిన్నగా రాయి" అన్నారు. "పడుతుంది."